నన్ను ఓడ ఎక్కించిన సంగతి

మా ఆయన ఓడ మాట ఎత్తిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు ఆయన అడగకుండానే కొత్తిమీర తెచ్చారు. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెస్తారు, పుదీనా తెమ్మంటే సంచీయే బస్సులో మరిచిపోయి వస్తారు. అలాంటి మనిషి ఫ్యాక్టరీ బస్సు దిగి, బహదూర్‌పురా చౌరస్తాలో ఆగి, పచ్చగా నవనవలాడే కట్ట చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చారంటే ఏదో ఉంది. కట్ట అందుకుని, ముఖంలోకి చూసి, "ఏమైంది?" అన్నాను.

"ఏమవుతుంది? ఏమీ కాలేదు," అన్నారు. చెప్పులు విప్పి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో వేళ్ల సందులు కూడా తుడుచుకుని, అప్పుడు బయటపెట్టారు. ఈసారి ఎల్‌టీసీకి అండమాన్ వెళ్దామట. వైజాగ్‌లో ఓడ ఎక్కి. మనిద్దరమే.

కంచన్‌బాగ్ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల ఇళ్లల్లో ఎల్‌టీసీ అంటే చిన్న సంగతి కాదు. కొన్నేళ్లకోసారి ఆఫీసు ఖర్చుతో ఇంటిల్లిపాదీ చేసే ప్రయాణం అది. గడువులోపల వాడుకోకపోతే పోతుంది. ఊరికే పోనివ్వడం ఇష్టంలేక, లేవలేని ముసలివాళ్లని కూడా బెర్తు మీద పడుకోబెట్టి కన్యాకుమారి చూపించి తెచ్చిన వాళ్లు ఉన్నారు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ సొంతూరి ఎల్‌టీసీయే. మా ఆయనకి ప్రయాణాల మీద మోజు లేదు. ఆయన దర్శించే క్షేత్రం ఒక్కటే, జల్‌పల్లిలో మేం కొనుక్కున్న ప్లాటు. ఆదివారం పొద్దున్నే వెళ్లి, హద్దు రాళ్లు ఎవరూ జరపలేదని చూసుకుని, నాలుగు ముళ్లకంపలు పీకి, ఏదో సాధించినట్టు తిరిగొచ్చేవారు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి సముద్రం మీద మనసైందంటే నేనెలా నమ్మను?

"మరి పిల్లలో?" అన్నాను.

"పెద్దదానికి కాలేజీ, చిన్నదానికి స్కూలు. ఓడలో పోవడానికే మూడు రోజులు, రావడానికి ఇంకో మూడు. అన్నాళ్లు చదువు పాడుచేయడం ఎందుకు? మా సెక్షన్‌లో ఇంకో ఇద్దరు కూడా భార్యలతోనే వస్తున్నారు, పిల్లల్లేకుండా. కింద ఖాలా ఉన్నారుగా, చూసుకుంటారు."

అన్నిటికీ జవాబులు సిద్ధంగా ఉన్నాయి. అదే నాకు నచ్చలేదు. మా వైపు మొగుడూ పెళ్లాం పిల్లల్ని వదిలి ఊరెళ్లడం రెండే సందర్భాల్లో చూశాను, చావు కబురు వచ్చినప్పుడు, కోర్టు వాయిదా పడినప్పుడు. పైగా పోయిన నెలే నాకు కడుపులో నొప్పి వస్తే డిస్పెన్సరీలో పరీక్షలు చేయించారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఓడ ఎందుకు? ఉన్నన్నాళ్లు సుఖపెడదామని డాక్టరూ ఈయనా అనుకున్నారా? రెండు రోజులు ఆ ఆలోచనతోనే అన్నం సహించలేదు. మూడో రోజు ఉండబట్టలేక అడిగేశాను.

ఆయన పగలబడి నవ్వారు. తర్వాత నవ్వు ఆపుకుని, "పెళ్లైన కొత్తలో నువ్వే అన్నావు. భీమిలిలో ఒడ్డున నిలబడితే దూరంగా ఓడలు పోతూ కనపడేవి, అవి ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పేవాళ్లు కాదు అని," అన్నారు.

అన్నాను, నిజమే. నేను పుట్టి పెరిగింది ఆ ఒడ్డునే. సముద్రం ఇంటి ముందు ఉన్నా ఓడ ఎక్కిన పాపాన పోలేదు. ఎప్పుడో అన్న మాట ఈయన ఇన్నాళ్లు దాచుకున్నారంటే నాకు గుండె కొంచెం కరిగింది. కరుగుతూనే, పుదీనాకీ కొత్తిమీరకీ తేడా గుర్తుండని మనిషికి ఇది ఎలా గుర్తుందబ్బా అని ఇంకో అనుమానం పుట్టింది.

మేం అప్పట్లో కిషన్‌బాగ్‌లో ఒక ఇంటి పై వాటాలో ఉండేవాళ్లం. తెల్లవారుజామున జూ పార్కులో సింహాలు అరిస్తే మా వంటింట్లోకి వినిపించేది. కింద వాటాలో ఇంటి యజమానురాలు. భర్త పోయిన మనిషి, కూతుళ్ల పెళ్లిళ్లు చేసి ఒక్కతే ఉండేది. పొద్దస్తమానం కుట్టు మిషన్ ముందే. వీధి అంతా ఆమెని ఖాలా, అంటే పిన్ని, అనేది, మేమూ అదే పిలుపు. తొంభైల్లో ఒకసారి కర్ఫ్యూ పెట్టినప్పుడు మా పిల్లలకి పాలు ఆమె ఇంట్లోంచే వచ్చాయి. ఆడపిల్లల్ని పాతబస్తీలో ఆమె దగ్గర వదిలి ఓడెక్కుతారా అని మా ఆడపడుచు ఫోన్‌లో నోరు నొక్కుకుంది. ఖాలా మీద నాకు అనుమానం లేదు. అప్పటికి లేదు.

అసలు అనుమానం నా కడుపున పుట్టినవాళ్ల మీద. పెద్దది ఇంటర్ రెండో ఏడు, చిన్నది ఏడో క్లాసు. నేను పక్క వీధిలో పేరంటానికి వెళ్లొస్తానంటే ఎందుకు, ఎంతసేపు అని నిలదీసేవాళ్లు. ఓడ సంగతి చెప్తే ఏడుస్తారు, మమ్మల్నీ తీసుకెళ్లమని లొల్లి చేస్తారు, ఆ వంకన మానేద్దాం అనుకుని కూర్చోబెట్టి చెప్పాను.

"పోయి రండి అమ్మా," అంది పెద్దది. "మాకేం ఫికర్ లేదు. నేను వండుత."

పాలు పొంగకుండా ఒక్కసారి కాచిన మొహం కాదు దానిది.

"అవునమ్మా, మస్తుగ తిరిగి రండి," అంది చిన్నది. అని, అక్క వైపు చూసింది. అక్క కళ్లతోనే చాలు అంది. నేను చూడలేదనుకున్నారు.

ఆ రోజు నుంచి పెద్దదాన్ని కనిపెట్టడం మొదలుపెట్టాను. పొద్దున్నే స్పెషల్ క్లాసని ఆరింటికే పోతోంది. వచ్చేటప్పటికి జడలు రెండూ బిగించి కట్టి ఉంటున్నాయి, గోళ్లలో మట్టి. మోకాలు గీరుకుపోయి ఉంది. ఏమిటే అంటే బెంచీ తగిలిందంటుంది. ఇంట్లో గుడ్డు వాసన పడదని ముక్కు మూసుకునే పిల్ల కింద ఖాలా దగ్గర రోజూ ఉడకబెట్టిన గుడ్లు తింటోందని చిన్నది నోరు జారింది. ఆ ఖాలా ఇంటికే ప్రతి శుక్రవారం ఆమె చెల్లెలి కొడుకు స్కూటర్ మీద వస్తాడు. తెల్లగా, పొడుగ్గా, మీసాలు దువ్వుకుని చక్కగా ఉంటాడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

ఒక రోజు బట్టలు నానబెడదామని పెద్దదాని దిండు గలీబు లాగాను. గట్టిగా ఏదో నేల మీద పడి చప్పుడైంది. చూస్తే ఆకుపచ్చ పట్టీ. మధ్యలో చిన్న సంచీలా కుట్టి, అందులో రూపాయి బిళ్ల పెట్టి మూసేసి, కట్టుకోవడానికి రెండు వైపులా తాళ్లు. చూడగానే పోల్చుకున్నాను. ఇమామ్ జామిన్. ఖాలా చిన్న కూతురికి పెళ్లి కుదిరినప్పుడు నన్ను కూడా పిలిచారు. మగపెళ్లివాళ్లు మిఠాయి తట్టలతో వచ్చి, కాబోయే అత్తగారు పెళ్లికూతురి కుడి చేతికి సరిగ్గా ఇలాంటిదే కట్టింది. కట్టగానే అందరూ ముబారక్ అన్నారు. అంటే ఆ పిల్ల ఆ ఇంటిదైపోయినట్టే.

మేం ఓడ ఎక్కగానే ఇక్కడ ఏం జరగబోతోందో నా కళ్ల ముందు మొత్తం కనపడింది. గుడ్లు ఎందుకు పెడుతున్నారో, పోయి రండి అమ్మా అని ఎందుకన్నారో, అన్నీ కనపడ్డాయి. పట్టీ గుప్పిట్లో పెట్టుకుని, పైట బిగించుకుని మెట్లు దిగాను.

ఖాలా మిషన్ ఆపలేదు. "ఏంది మా, గట్ల నిలబడ్డవ్? కూర్చో," అంది.

"మీ చెల్లెలి కొడుకు శుక్రవారం శుక్రవారం ఎందుకొస్తాడు?"

"ఇంట్ల సామాన్ తెస్తడు. ఎందుకు?"

నేను పట్టీ తీసి మిషన్ మీద పెట్టాను. "ఇది మా పిల్ల దిండులో దొరికింది."

ఖాలా కళ్లజోడు పైకి జరిపి పట్టీని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆమెకి అర్థమయ్యేసరికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక రెండు చెంపలూ వాయించుకుంది. "తౌబా తౌబా! వానికి ఇద్దరు పిల్లలు మా! పెండ్లాం నాలుగిండ్ల అవతల్నే ఉంటది. నీ బిడ్డకు నేను చోరీల షాదీ చేస్తనా? గిన్నేండ్లు నా ఇంట్ల ఉండి నా మీద గిదేనా నీ భరోసా?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా తగ్గలేదు. "మరి ఇది పెళ్లికి కట్టేదే కదా? మీ అమ్మాయికి కట్టారు, నేను చూశాను."

"షాదీది అయితే జరీ పెట్టి కుడ్త, సితారలు పెడ్త. గిది చూడు, సాదా గుడ్డ. గిది సఫర్‌ది. ఎవరన్న దూరం పోతుంటే ఖుదా కాపాడాలెనని కడ్తం. చేరినంక అందుల పైసలు తీసి గరీబోళ్లకు ఇస్తరు. మా పెద్దల్లుడు దుబాయ్ పోయేటప్పుడు కట్టలేదా?"

"సఫర్ ఎవరిది మరి? మాదా?"

ఖాలా మిషన్ మీద గుడ్డ సర్దింది. దారం చూసుకుంది. "అది అడగకు మా. పిల్లకు జబాన్ ఇచ్చిన. ఖరాబ్ పనైతే నేనెందుకు కడ్త?"

ఎంత గుచ్చి అడిగినా ఇంకో మాట రాలేదు. నేను అడిగిన సంగతి దానికి చెప్పొద్దన్నాను. "నీకొక జబాన్, దానికొక జబాన్. నేనింక నోరే కుట్టేస్కుంట," అని విసుక్కుని మళ్లీ మిషన్ తొక్కింది. పట్టీ తీసుకెళ్లి ఎక్కడిదక్కడ దిండులో పెట్టాను. పెళ్లి భయం పోయింది. కానీ నా కూతురు నాకు చెప్పకుండా ఎక్కడికో పోతోంది, అది ఖాయం. ఆ భయం ముందుదాని కంటే చిన్నదేం కాదు.

మర్నాడు అది స్పెషల్ క్లాసుకని బయల్దేరగానే కూరల సంచీ పట్టుకుని వెనకాల బయల్దేరాను. నేరుగా కాలేజీకే పోయింది. లోపలికి పోయి, క్లాసుల వైపు తిరగకుండా వెనక గ్రౌండు వైపు పోయింది. గోడ చుట్టూ తిరిగి వెళ్లి, విరిగిన చోటు చూసుకుని నిలబడ్డాను. ఆడపిల్లలు వరసగా ఒకళ్లు అటు ఒకళ్లు ఇటు తిరిగి నేల మీద కూర్చున్నారు. మా పెద్దది వాళ్ల మధ్య నుంచి దూసుకుపోతోంది. చున్నీ నడుముకి గట్టిగా చుట్టేసింది. ఒక పిల్ల వీపు తట్టి "ఖో" అని అరిచింది. ఆ గొంతు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

గోడ మీద కాలికి కట్టు కట్టుకున్న ఒక పిల్ల కూర్చుని శెనగలు తింటోంది. నన్ను ఎవరో కూరలకొచ్చిన ఆవిడ అనుకుంది.

"నువ్వు ఆడవా అమ్మా?" అన్నాను.

"కాలు మడతపడ్డది ఆంటీ. లేకుంటే నేను సుత నిజామాబాద్ పోయేదాన్ని."

"నిజామాబాద్‌లో ఏముంది?"

"టోర్నమెంట్. వచ్చే వారం. గా సన్నగున్నామెను చూడుండ్రి ఆంటీ, పోల్ దగ్గర ఎట్ల దుంకుతదో. పోయినసారి వాళ్ల మమ్మీ పంపలె. మొదటి మ్యాచ్ల్నే ఓడిపోయి వచ్చినం."

"మరి ఈసారి?" అన్నాను.

"ఈసారి వాళ్ల మమ్మీ ఊర్లె ఉండదంట. వాళ్ల డాడీనే వచ్చి మా మేడంతోని మాట్లాడిండు. మమ్మీని ఓడెక్కించి దూరం తీస్కపోతున్నడంట." శెనగ పొట్టు ఊదేసుకుని నవ్వింది. "మస్తు మంచోడు ఆంటీ వాళ్ల డాడీ."

కూరలు కొనలేదు. ఖాళీ సంచీతో ఇంటికి ఎలా వచ్చానో కూడా గుర్తు లేదు. ఖోఖో మానేశానని అది పోయినేడే నాతో చెప్పింది, నేను నమ్మాను. నమ్మడం నాకు అలవాటు లేని పని, సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాను. నేను పోయినేడు పంపలేదు, నిజం. ఆ కర్ఫ్యూ రోజున అది స్కూల్లో చిక్కుకుపోతే, పిల్ల ఎక్కడుందో తెలియక గేటు పట్టుకుని నిలబడింది నేను. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో ఉన్నారు. చీకటి పడ్డాక ఎవరో తెచ్చి దింపేవరకు నేను ఏమైపోయానో నాకు తెలుసు. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరూ నా కళ్లకి కనపడనంత దూరంలో నిద్రపోలేదు. తలుపుకి గొళ్లెం ఉందో లేదో తెలియని ఏ స్కూలు గదిలోనో ఆడపిల్లని పడుకోబెట్టనన్నాను. అది తప్పని ఈ రోజుకీ అనుకోను.

కానీ ముగ్గురూ కలిసి నన్ను ఓడెక్కించి సముద్రం మధ్యకి తీసుకెళ్తే తప్ప ఆ పిల్ల నిజామాబాద్ వెళ్లలేదా? అంత భయమా నేనంటే? కోపంతో ఒళ్లు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. భీమిలి, ఓడలు, నువ్వే అన్నావుగా అన్న ఆ మాటలు, అవి కూడా నాటకమేనా అని తలుచుకున్నప్పుడు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఒక్క మాట చాలు. నేను రానంటే ఓడా లేదు, నిజామాబాదూ లేదు. ఆ సాయంత్రం అన్నాలు తింటున్నప్పుడు ఆ మాట అనేశాను. "నాకు మళ్లీ కడుపులో నొప్పిగా ఉంది. ఓడ మానేద్దాం."

మా ఆయన గ్లాసెత్తి నీళ్లు తాగడం మొదలుపెట్టి, అయిపోయినా దించలేదు. చిన్నది "వద్దూ!" అని కేక పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దది తల ఎత్తలేదు. పళ్లెంలో దాని వేళ్లు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాయి. బతిమాలుతుంది, ఏదో ఒక అబద్ధం అల్లుతుంది, అప్పుడు పట్టుకుందాం అని కాచుకుని ఉన్నాను.

"నీకు బాగలేకపోతే వద్దులే అమ్మా," అంది. "మళ్ల ఎప్పుడన్న పోవచ్చు."

లేచి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి పోయింది. మిరియాలు దంచిన చప్పుడైంది. కాసేపటికి గ్లాసులో మిరియాల చారు పట్టుకొచ్చి నా పక్కన పెట్టి, కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు నొక్కింది. కళ్లు తడిగా ఉన్నాయి కానీ ముఖంలో నిష్ఠూరం లేదు. నాకు నిజంగానే నొప్పి అనుకుంది. మా ఇంట్లో నా మాట అనుమానించకుండా నమ్మింది అదొక్కతే. చారులో ఉప్పు ఎక్కువైంది. మొత్తం తాగేశాను.

"తగ్గింది," అన్నాను పొద్దున్నే లేచి. "పెట్టె సర్దుకుంటాను."

బయల్దేరే రోజు మధ్యాహ్నం నుంచి పెద్దది దిండు తడుముతూనే ఉంది. ఒకసారి దులిపింది, ఒకసారి మంచం కింద చూసింది, చెల్లెల్ని పక్కకి లాగి ఏదో అడిగింది. నేను చీరలు మడతపెడుతూ ఏమీ ఎరగనట్టు ఉన్నాను. ఆటో వచ్చే వేళకి ఖాలా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో రెండు పట్టీలు. మా ఆయన కుడి చేతికి ఒకటి, నా చేతికి ఒకటి కట్టి, పెదాలు కదుపుతూ ఏదో చదివి ఊదింది. "ఇమామ్ జామిన్ హవాలే చేసిన. భద్రంగ చేరినంక అందులది ఎవరికన్న ఖైరాత్ ఇయ్యుండ్రి. మరువద్దు."

"పెద్దదాన్ని ఇలా రమ్మనండి," అన్నాను.

వచ్చి నా ముందు నిలబడింది. నా కొంగు ముడి విప్పి మూడో పట్టీ తీశాను. దాని కుడి చెయ్యి నా వైపు లాక్కుని, జబ్బకి చుట్టి రెండు ముళ్లు వేశాను. ఖాలా గోడ వైపు తిరిగి దుపట్టాతో నోరు మూసుకుంది.

"గట్టిగా కట్టాను," అన్నాను. "పరిగెత్తినా ఊడదు."

అది నన్ను వాటేసుకోబోయింది. ఆటో వచ్చిందని నేనే ముందు మెట్లు దిగేశాను. అక్కడ ఇంకో నిమిషం నిలబడితే వెళ్లొద్దు అనేసి ఉండేదాన్ని.

ఓడ వైజాగ్ వదిలి, డాల్ఫిన్స్ నోస్ కొండ చిన్నదైపోయాక, మా ఆయన డెక్ మీద నా పక్కన నిలబడి నెమ్మదిగా అడిగారు. "నీకెప్పుడు తెలిసింది?"

"మీరు కొత్తిమీర తెచ్చిన రోజే."

"కోపం లేదా?"

"ఉంది. ఇంటికెళ్లాక చెప్తాను. ఇక్కడ పోట్లాడుకుంటే లేచి వెళ్లిపోవడానికి చోటు లేదు." అడగాల్సింది అడిగాను. "ఆ భీమిలి ఓడల మాట కూడా ఉత్తదేనా?"

ఆయన నా వైపు తిరిగారు. "నిన్ను ఎక్కడికో తీసుకెళ్లాలి అన్నది అబద్ధం కోసమే. కానీ ఓడ అని తోచింది మాత్రం నువ్వన్న ఆ మాట వల్లే. లేకపోతే తిరుపతి తీసుకెళ్లేవాణ్ణి కాదూ?"

నమ్మాలా వద్దా అని చాలాసేపు నీళ్లు చూస్తూ నిలబడ్డాను. చివరికి నమ్మాను. తెల్లారేసరికి ఓడ ఊపుకి ఆయన కక్కుకుంటూ మంచం పట్టారు, ఆయన బక్కెట్టు మోసింది నేనే. చేపలు ఎగిరి పడటం, రాత్రయితే నీళ్లు మిలమిలమనడం, అన్నీ చూశాను, బాగున్నాయి. కానీ బాగున్నాయి అనుకున్న ప్రతిసారీ ఈ పాటికి అది బస్సెక్కిందా అనిపించేది.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగగానే మా ఆయన పట్టీ విప్పి, అందులో బిళ్ల తీసి జెట్టీ బయట కూర్చున్న ముసలామెకి ఇచ్చేశారు. నన్నూ ఇవ్వమన్నారు. నేను ఇవ్వలేదు. భద్రంగా చేరినంక అంది ఖాలా. నేను ఇంకా చేరలేదు.

ఎస్టీడీ బూత్ నుంచి ఖాలా ఇంటికి ఫోన్ చేస్తే ప్రతిసారీ చిన్నదే ఎత్తింది. అక్కేదీ అంటే స్నానం చేస్తోంది అంది. మర్నాడు చేసినా స్నానమే, ఆ మర్నాడు చేసినా స్నానమే. చిన్నదానికి ఎవరూ కొత్త మాట నేర్పినట్టు లేదు. చేరిందా, తిండి ఎలా ఉంది, గొళ్లెం ఉందా అని సూటిగా అడగొచ్చు. అడిగితే నేను ఒప్పుకున్నట్టవుతుంది. అడగలేదు. ఆ వారం ఎన్ని దీవులు తిప్పారో, ఏం చూపించారో, ఫొటోలు చూస్తే తప్ప నాకు చెప్పడం రాదు.

ఇల్లు చేరింది ఒక గురువారం పొద్దున. గేటు దగ్గరే పెద్దది ఎదురొచ్చి పెట్టె అందుకుంది. నల్లబడింది. నేను తల నుంచి కాలిదాకా చూశాను, రెండో మోకాలు కూడా గీరుకుపోయి ఉంది. చెయ్యి బోసిగా ఉంది. ఇంట్లోకి వెళ్లగానే కళ్లతో వెతికితే అద్దం పక్క మేకుకి వేలాడుతోంది ఆకుపచ్చ పట్టీ. నీళ్లు కూడా తాగకుండా వెళ్లి వేళ్లతో నొక్కి చూశాను. మెత్తగా ఉంది. లోపల బిళ్ల లేదు.

చేరింది. చేరి, అక్కడ ఎవరికో ఇచ్చింది. నేను అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

"ఓడిపోయినం అమ్మా," అంది వెనక నుంచి, బిక్కుబిక్కుమంటూ. "రెండో మ్యాచ్ల."

"పోయినసారి మొదటి దాంట్లోనే కదా," అన్నాను.

ఇంక ఆగలేదది. మంచానికీ బీరువాకీ మధ్య పోల్ ఎక్కడుందో చూపించి, ఎలా దూకిందో, గెలుపు చిటికెలో ఎలా తప్పిపోయిందో చేసి చూపించింది. మా ఆయన పెట్టె మీద కూర్చుని నోరు తెరుచుకుని విన్నారు. గొళ్లెం సంగతి అడిగాను. ఉందట, కానీ పట్టదట. తలుపుకి బెంచీలు అడ్డం పెట్టుకుని పడుకున్నారట. నేను అన్నదేగా అన్నట్టు మా ఆయన వైపు ఒక చూపు చూశాను.

గురువారం సాయంత్రాల్లో మా వీధిలోకి ఊదు పొగ వేసుకుంటూ ఒక ముసలి ఫకీరు వచ్చేవాడు. ఆ సాయంత్రం అతని కేక వినగానే కిందికి దిగి, చేతికి ఇంకా అలాగే ఉన్న పట్టీ విప్పి, కుట్టు పళ్లతో తెంపి బిళ్ల అతని గిన్నెలో వేశాను. పట్టీ చూసి ఫకీరు నవ్వి, "ఎక్కడికి పోయొచ్చినవ్ అమ్మా?" అని అడిగాడు.

"నిజామాబాద్," అన్నాను.